నిలబడే కాలు

నేను బంతాట ఆడే కాలంలో నన్ను కింద పడేసే మగోడు అనంతపురం జిల్లాలో పుట్టలేదు. ఇది నా సొంత డబ్బా కాదు, అప్పట్లో నాతో ఆడినవాళ్ళను అడగండి. అడగడానికి మీరు కొంచెం కష్టపడాలి, చాలామంది పోయినారు.

బస్సు డిపో టీములో నేను ఫుల్‌బ్యాకును. ఒకసారి ఉరవకొండ పక్కన, వేరుశనగ పీకేసిన చేన్లో ఆట పెట్టినారు. ఆడ గాలి ఎట్లుంటుందో తెలిసినవాళ్ళకే తెలుసు, ఆరేసిన పంచె ఇంకో ఊర్లో దొరుకుతుంది. అంత గాలిలో, ఆట మధ్య విరామంలో, నెత్తి మీద నిండు బిందె పెట్టుకొని ఒంటికాలి మీద నిలబడినాను. రెఫరీ టీ తాగి, గ్లాసు కడిగిచ్చి, వక్కాకు నమిలి, విజిలు ఊదేదాకా నా రెండో కాలు నేలకు తగల్లేదు. ఒక్క చుక్క ఒలకలేదు. అవతలి టీమువాళ్ళు నా కాళ్ళకు దండం పెట్టి రెండో సగం ఆడడానికి దిగినారు.

ఉద్యోగానికి బస్సు కండక్టరును. ఆ పని చేసినవాడికి తూకం గురించి ఎవరూ నేర్పనక్కర్లేదు. మడకశిర రోడ్డులో బస్సు గుంతలోకి దిగి గట్టెక్కుతుంటే జనమంతా ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు. గొర్రెపిల్లను చంకన పెట్టుకున్న ముసలామె కన్నడంలో తిడుతుండేది. నేను మాత్రం ఒక చేత్తో టికెట్టు చింపుతూ, ఇంకో చేత్తో చిల్లర ఏరుతూ, దేన్నీ పట్టుకోకుండా నిలబడేవాణ్ణి. దీంట్లో ఒక కిటుకు ఉంది. సీటు పక్కనుండే రాడ్డుకు తొడ తగిలీ తగలనట్టు పెట్టుకోవాలి. పట్టుకోకూడదు. పట్టుకుంటే బస్సు ఊపు చేతిలోకి వచ్చి మనిషిని తిప్పేస్తుంది. ఊరికే తగిలితే చాలు, తాను ఎక్కడున్నదీ ఒంటికి తెలిసిపోతుంది. ఇది ఏ పుస్తకంలో ఉందో నాకు తెలీదు. నా తొడకు తెలుసు.

ఈ కిటుకు ఒక పిల్లకు చెప్పబట్టే ఇప్పుడు నేను మైదానం దోవ వదిలేసి, కూరగాయల అంగళ్ళ మీదుగా చుట్టు తిరిగి ఇంటికి పోతున్నాను.

రిటైరైనాక ధర్మవరంలో మా ఇంటికి దగ్గరుండే మైదానానికి పొద్దున్నే పోయేది అలవాటు చేసుకున్నాను. మైదానమంటే పచ్చగడ్డి అనుకునేరు. ఎర్రమన్ను, సన్నరాళ్ళ గరుసు. నడుమ ఒక బండ నెత్తి బయటికి పెట్టి చూస్తుంటుంది. దాని చుట్టూ సున్నం గీసి, బంతి దాని మీద పడి ఎటు ఎగిరినా ఎవరిదీ తప్పు కాదని పిల్లలు కట్టుబాటు చేసుకున్నారు. ఆ గరుసు మీద ఆడేవాళ్ళకు పొడుగు అంగలు ఉండవు. చిన్న చిన్న అడుగులు, పాదమంతా ఆనిచ్చి వేస్తారు. కొత్త ఊరివాళ్ళు వచ్చి మా పిల్లల పరుగు చూసి నవ్వుతారు, తర్వాత జారి పడతారు.

నేను పోయిన మొదటి రోజు ఆడపిల్లలంతా వరసగా నిలబడి, ఒక కాలు మడిచి, కండ్లు మూసుకొని ఉన్నారు. వాళ్ళకు ఆట నేర్పే మేడం ఆ వరస ముందర అటూ ఇటూ తిరుగుతూ అందరి పాదాలూ చూస్తోంది.

"ఏమమ్మా, పిల్లోళ్ళతో జపం చేయిస్తాండావా, బంతి ఆడిస్తాండావా?" అన్నాను.

"నువ్వు ఆడినావా పెద్దాయనా ఎప్పుడన్నా?" అనింది ఆమె తల తిప్పకుండానే.

ఆడినావా అని నన్ను అడిగితే ఊరుకుంటానా! రెఫరీ, టీ, బిందె, గాలి, అంతా చెప్పినాను. పిల్లలు ఒక్కొక్కరే కండ్లు తెరిచి, కాలు దించి, నోళ్ళు తెరుచుకొని విన్నారు. మేడం కూడా చివరిదాకా వినింది.

"బాగుండాది. ఇప్పుడు కొంచెం జరుగు, సున్నం తొక్కుతాండావ్" అనింది.

ఆమె మంచి మనిషి. తర్వాత తర్వాత నేను గట్టు మీద కూర్చుంటే తానే వచ్చి చెప్పేది. "తన్నే కాలును జనమంతా చూస్తారు పెద్దాయనా. ఆట నడిపేది రెండోది. ఒక కాలు గాల్లో ఉన్నప్పుడు మనిషంతా ఇంకో కాలి మీదనే గదా ఉండేది. అది ఊగితే బంతి యాడికో పోతాది. ఈ నేల మీదయితే మనిషే పోతాది."

"సరే, కండ్లు మూసుకునేది ఏంటికి?"

"కండ్లు తెరిచుంటే గోడను చూసో, కొండను చూసో నిలబడతాం. ఆటలో కండ్లు బంతి మీద ఉంటాయి. కాలును ఎవరు చూసుకుంటారు? కాలే తన్ను తాను చూసుకోవాల." ఆమె ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు బాగా గుర్తుంది. "కాలు బెణికితే వాపు తగ్గుతానే బాగైపోయిందనుకుంటారు. నొప్పి పోతాది, వాపు పోతాది, ఆ కాలికి ఉన్న తెలివి మాత్రం నిదానంగా వస్తాది. అది రాకముందే ఆడించినానంటే మళ్ళా అదే కాలు."

ఆ వరసలో ఒక పిల్ల ఉండేది. నేను ఆడిన జాగాలోనే ఆడుతుంది, ఫుల్‌బ్యాకు. అందుకే నాకు ఆ పిల్లంటే పక్షపాతం. అమ్మ పట్టుచీరలు నేస్తుంది. నాయన లేడు. బంతి మీదికి పోయేటప్పుడు ఆ పిల్ల నడుము కింద ఏదో బరువు దాచుకున్నట్టు వంగుతుంది, ఎవరు గుద్దినా కదలదు. "నీ మాదిరి ఎవరున్నారో తెలుసా? నేనే" అంటుండేవాణ్ణి. "నిన్నెవరు చూసినారు తాతా" అనేది.

ఈ యేడు చలికాలంలో ఆ పిల్ల ఎడమకాలు చీలమండ దగ్గర బెణికింది. కుడికాలితో తన్నేదానికి ఎడమది నిలబడే కాలు. గరుసులో దిగబడి మడత పడింది. అనంతపురంలో సెలెక్షన్ ఆటలు దగ్గరికొస్తున్నాయి. ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. తిండీ, చదువూ, గడ్డి ఉండే మైదానం. వయసు లెక్కన ఆ పిల్లకు ఇదే ఆఖరు అవకాశం. వాళ్ళమ్మ ముందే చెప్పేసింది, సీటొస్తే సంతోషంగా పంపుతా, రాకుంటే నా పక్కన మగ్గంలో కూర్చోవాల, ఒంటిదాన్ని నేసి నేసి నడుము పోయిందని. ఆమె మాటలో తప్పేమీ లేదు.

మేడం షరతు కూడా తప్పు కాదు. బెణికిన కాలి మీద, కండ్లు మూసుకొని, తాను చప్పట్లు కొట్టేదాకా నిలబడాలి. నిలబడితే పేరు పంపుతుంది. పిల్ల నిలబడింది, పడింది. మళ్ళా నిలబడింది, మళ్ళా పడింది. "రేపు ఇంగొకసారి చూస్తా. పేర్లు పంపేది రేపే" అని మేడం ఇంటికి పోయింది.

పిల్ల గట్టు మీద కూర్చొని బూటును నేలకేసి కొడుతోంది.

"ఏమ్మే, బూటు ఏం పాపం చేసినాది?"

"కాలు నా మాట ఇనడంల్యా తాతా."

అప్పుడే నేను బస్సు సంగతి చెప్పినాను. రాడ్డు, తొడ, తగిలీ తగలకపోవడం, అంతా. "రేపు నీ ఎనకాల, రవ్వంత పక్కకు, నేనూ నిలబడతా. నా వేలు నీ భుజానికి తగిలిచ్చి పెడతా. నన్ను బస్సులో రాడ్డనుకో. నువ్వు ఊగనంటే ఊగవు."

"మేడం చూస్తే?"

"మేడం పాదాలు చూస్తాది. భుజాలు చూసేది టైలరు."

పిల్ల నవ్వింది, మళ్ళా నవ్వు ఆపేసింది. "మోసం గదా తాతా ఇది?"

"మోసమేంటికే? ఇది టెక్నిక్కు."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి. ఆ పిల్లకు ఆశ ఉంది, అవసరముంది. తప్పని కూడా ఆ పిల్లే అడిగింది. నాకేముంది? అంతమంది పిల్లల ముందర ఒంటికాలి మీద నిలబడి చూపించాలని ఉండింది. బిందె కథకు ఒక సాక్ష్యం కావాలని ఉండింది. ఆ పిల్లను గట్టెక్కించడమనేది దాని మీద కప్పిన గుడ్డ.

మరుసటి రోజు నేను చెప్పులు వదిలి వరసలోకి పోతుంటే మేడం అడ్డం వచ్చింది.

"నువ్వేంటికి పెద్దాయనా? పడితే మీ ఇంట్లోవాళ్ళకు జవాబు చెప్పేదెవరు?"

"పడేదా? నేనా?"

పిల్లలంతా ఒకటే నవ్వు. "తాతా, బిందె తెప్పించేదా?" అని ఒకతె. "రెఫరీకి టీ చెప్పండే" అని ఇంకొకతె. నాకు ఇంకా ఊపొచ్చింది. పిల్ల వెనకాల నిలబడి ఒక కాలు ఎత్తినాను. "కండ్లు ముయ్యండి" అనింది మేడం. మూసుకున్నాను.

కండ్లు మూసుకోగానే నేల రవ్వంత కదిలినట్టు అనిపించింది, డ్రైవరు గేరు మార్చినప్పుడు బస్సు కదిలినట్టు. గాలి చెవుల్లో మోగుతోంది. అరికాలి కింద గరుసు గుచ్చుకుంటోంది. చెయ్యి చాచి పిల్ల భుజం మీద వేలు పెట్టినాను. ఈగ వాలినంత. అంతే, నేల సర్దుకుంది. ఆ భుజం రాయి మాదిరి ఉంది, కదల్లేదు, మెదల్లేదు. నా కిటుకు ఎంత బాగా పనిచేస్తోందో చూడు అని లోపల్లోపల మురిసిపోయినాను. మేడం చప్పట్లు కొట్టింది.

కండ్లు తెరిచేసరికి పిల్ల కింద కూర్చొని బూటు దారాలు కట్టుకుంటోంది. తల వంచుకొని చాలాసేపు కట్టుకుంది. కంట్లో నీళ్ళు కనిపించినాయి. సంతోషమనుకున్నాను. మేడం ఆ పిల్ల పాదాన్నే చూస్తూ నిలబడి, ఏదో అడగబోయి మానుకొని, "సరే, పంపుతా" అనింది.

ఆ రోజు టీ అంగడిలో నేను కూర్చున్న తీరు చూసింటే ఎన్నికల్లో గెలిచినోడు అనుకునేవాళ్ళు. "మేడంకు తెలీని విద్య నా దగ్గర ఉండాదప్పా" అని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పినాను. ఏం విద్యో మాత్రం చెప్పలేదు.

అనంతపురానికి ఆట చూడడానికి నేనూ పోయినాను. మొదట్లో బాగానే ఆడింది. నాలాంటోడికి తప్ప వేరేవాళ్ళకు తెలిసుండదు, ఆ పిల్ల నిలబడే కాలి మీద నిలబడకుండా ఆడుతోంది. బంతి తన్నాల్సిన చోట తోస్తోంది. తిరగాల్సిన చోట ఆగి, చిన్న చిన్న అడుగులతో చుట్టి వస్తోంది. నేను కమ్మీ పట్టుకొని చూస్తున్నాను. ఇప్పుడన్నా బయటికి పిలిపించాలని మనసు చెబుతోంది. పిలిపిస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే వేలు సంగతి చెప్పాలి. పిలిపించలేదు.

రెండో సగంలో ఎత్తుగా ఒక బంతి వచ్చింది. ఇంకో పిల్లతో కలిసి ఎగిరింది. తలతో కొట్టింది కూడా. దిగేటప్పుడు ఎడమకాలి మీద దిగింది. ఆ కాలు లోపలికి మడత పడింది. పిల్ల అరవలేదు. చీలమండను రెండు చేతులతో పట్టుకొని, పక్కకు ఒరిగి, అట్లే పడుకుంది. మేడం పరిగెత్తింది. ఆటగాళ్ళను ఎంచడానికి వచ్చినవాళ్ళు కుర్చీల్లోంచి ఒక్క క్షణం లేచి, మళ్ళా కూర్చొని, ఇంకో పిల్ల దిక్కు చూసినారు.

నేను ఏం చేసినానో రాయాలంటే సిగ్గవుతుంది, అయినా రాస్తాను. లోపలికి పోలేదు. గేటు దాటి, రోడ్డు దాటి, ధర్మవరం బస్సెక్కినాను. కండక్టరు కుర్రవాడు, నేనెవరో తెలీదు. "పెద్దాయనా, గట్టిగా పట్టుకో, పడతావ్" అన్నాడు. రెండు చేతులతో పట్టుకున్నాను.

నరం తెగిందని డాక్టరు చెప్పినాడంట. మోకాలి దాకా కట్టు. హాస్టల్ సీటు ఇంకెవరికో పోయింది. ఇవన్నీ నాకు టీ అంగడిలోనే తెలిసినాయి. "ఏమప్పా, ఏదో విద్య ఉండాదంటివే" అని ఒకడు అడిగినాడు. సగం గ్లాసు వదిలేసి లేచి వచ్చినాను. అప్పటినుంచే కూరగాయల దోవ.

ఇంట్లో కూర్చుంటే ఊరికే ఉండలేక, తలుపు గడియ వేసుకొని, ఒంటికాలి మీద నిలబడి చూసినాను. గోడకు భుజం ఆనించుకుంటే నిలబడతాను. గోడ వదిలితే లేదు. అప్పుడు ఉరవకొండ ఆట గుర్తుకొచ్చింది, నేను చెప్పే ఆట కాదు, జరిగిన ఆట. నెత్తి మీదున్నది బిందె కాదు, చెంబు. చెంబులో నీళ్ళు తాగేసిన తర్వాతే నెత్తికెక్కింది. గాలి ఉండింది, నిజమే, అందుకే గోలు పెట్టే గుంజకు వీపు ఆనించుకొని నిలబడినాను. రెఫరీ టీ తాగలేదు. మీద నుంచి చెంబు పడితే అందరూ నవ్వినారు, దండం పెట్టినవాడు ఎవడూ లేడు. ఆట కూడా ఓడిపోయినాము. ఇన్నేండ్లు నేను ఆ గుంజను కథలోంచి తీసేసి చెబుతున్నాను.

ఒకరోజు తెగించి మైదానానికి పోయినాను. మేడం వంగి సున్నం గీత పోస్తోంది. నిలబడి అంతా చెప్పేసినాను, వేలు, భుజం, రాడ్డు. ఆమె సున్నం డబ్బా కింద పెట్టలేదు. గీత చివరిదాకా పోసి, అప్పుడు నడుము పైకెత్తింది.

"నేను పాదం చూస్తాంటి ఆ పొద్దు. ముందురోజు పడిన కాలు అంత కుదురుగా యెట్లుండాదని అనుమానం వచ్చె. అడగల్యా. ఆ పిల్ల పోవాలని నాకూ ఉండె" అనింది. నన్ను తిట్టింటే బాగుండేది. "నాకు చెప్పేదేముండాది పెద్దాయనా. చెప్పాల్సినోళ్ళకు చెప్పు."

నోటితో చెబితే నాకు నమ్మకం లేదు. నోరు తెరిస్తే చెంబు బిందె అయిపోతుంది. అందుకే ఇదంతా కాగితం మీద పెట్టి, వాళ్ళింటికి పట్టుకుపోయినాను. అమ్మ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని నేస్తోంది. పిల్ల కట్టు కాలును పీట మీద చాపుకొని, పక్కన పట్టుదారం చుడుతోంది. నన్ను చూసి "యాడికి పోయినావ్ తాతా ఇన్నాళ్ళు" అనింది, అంతే. కూర్చోమని చెప్పకముందే కూర్చొని, మొదటినుంచి చదివినాను. ఉరవకొండ దగ్గర నవ్వింది. టెక్నిక్కు దగ్గర నవ్వలేదు. ఈగ వాలినంత అని చదివినప్పుడు చుట్టే చెయ్యి ఆగింది. చివరికొచ్చి, "నీకు ఊతమిస్తున్నానని చెప్పి నీ కాలు పోగొట్టినాను, నా వేలు లేకుంటే నువ్వు పరీక్షలో పడింటావు, పడింటే ఆటకు పోయుండవు, కాలు మిగిలుండేది" అని చదివి కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను.

మగ్గం శబ్దం కూడా ఆగింది. అమ్మ మా ఇద్దరి దిక్కూ చూస్తోంది.

"అయిపోయిందా?" అనింది పిల్ల.

"అయిపోయింది."

"ఏలు అని రాసినావే, అది ఏలు గాదు తాతా. అరచెయ్యి. దాని ఎనకాల మొత్తం నువ్వే. కండ్లు మూసుకుంటానే ఊగబట్టినావు, నా మీదికొచ్చి పడితివి. నేను కండ్లు తెరిచి చూస్తి, నీకేమీ తెలీడంల్యా, నగుతాండావు. నేను జరిగితే నువ్వు ఆ రాళ్ళల్లో పడి తుంటి ఇరగ్గొట్టుకుంటావు. అందుకే బిగబట్టుకొని నిలబడితి. కాలు అప్పుడే కటుక్కుమనింది. అనంతపురంలో గాదు, నీ కిందనే. చెప్తే అందరూ నిన్ను చూసి నగుతారని చెప్పల్యా, సీటు పోతాదని గూడా చెప్పల్యా. నువ్వు నాకు ఊతమిచ్చిందేమీ ల్యా. ఆ ముక్క కొట్టేసి సరిగ్గా రాసుకో."